కరవు లెక్క సరిచూచిన కాటను దొర

అన్నము ప్రాణులకు ఆధారము. ఆ అన్నమునకు నీరు ఆధారము. కాలమునకు వానలు కురిసిన యేడు పల్లెలలో పెండ్లి బాజాలు మ్రోగును. వానలు తప్పిన యేడు పొయ్యిలో పిల్లి లేవదు. మన పెద్దలు కరవులకు సంవత్సరముల పేరులు పెట్టి జ్ఞాపకముంచుకొనిరి. 1832-33 నాటిది నందన కరవు. 1876-78 నాటిది ధాత కరవు. ఆ పేరులు తలచుకొని నిట్టూర్చినవారే గాని, అట్టి యాపద మరల రాకుండ చేయు ఉపాయమును వెదకినవారు కొలదిమంది. వాన కురియకుండుట మన చేతిలోనిది కాదు. కురిసిన నీరు నిలువక సముద్రము పాలగుట మాత్రము మన చేతిలోనిదే. ఈ భేదమును గుర్తించి, తొంబదియారేండ్ల జీవితములో అధిక భాగమును దానికై ధారవోసిన సర్ ఆర్థర్ కాటను చరిత్రమును మన గ్రంథాలయ రజతోత్సవ సంచికయందు పాఠక మహాశయులకు సమర్పించుచున్నాను.

మెట్ట గ్రామముల నుండి ఎందరో యువకులు హైదరాబాదునకు పోయి, అశోక్‌నగర్, నారాయణగూడ వీధులలోని చిన్న గదులలో నివసించుచు, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున ఉద్యోగ పరీక్షలకు పగలంతయు చదువుకొనుచున్నారు. వారిలో పెక్కుమంది తండ్రులు మబ్బు కొరకు ఆకాశమును చూచు రైతులే. ఆ పేటల నుండి హుస్సేన్ సాగరు కట్టకు నడచియే పోవచ్చును. ఆ కట్టపై తెలుగు కవులు, రాజులు, సంస్కర్తల విగ్రహముల నడుమ ఒక ఆంగ్లేయుని విగ్రహము కూడ కలదు. అది కాటను దొరది. మనలను పాలించిన కంపెనీ కొలువులో పని చేసిన సైనికోద్యోగికి మన మహనీయుల సరసన చోటేల కలిగెనో తెలిసికొనుట ఆ త్రోవను పోవు యువకులకును, ఇచ్చట సేద్యము చేసికొను మనకును అవసరము.

ఆర్థర్ కాటను 1803 మే 15వ తేదీన ఇంగ్లండు దేశమున జన్మించెను. పదునొకండుగురు అన్నదమ్ములలో ఆయన పదియవవాడు. పదునైదవ యేట కంపెనీ వారి సైనిక విద్యాలయమున చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళమునకు నియమింపబడి, 1821లో మన దేశమునకు వచ్చెను. తొలుత మద్రాసులో చిన్న పనులు చేసెను. సింహళమునకును మనకును నడుమ నున్న పాంబను జలమార్గమును పరిశీలించెను. మొదటి బర్మా యుద్ధమునకును పోయి వచ్చెను. ఆయన పేరు నిలిపినది యుద్ధము కాదు, నది.

1828 ప్రాంతమున కావేరీ నది సంగతి ఆయనకు అప్పగింపబడెను. తంజావూరు సీమకు అన్నము పెట్టు కావేరిలో ఇసుక మేట వేయుచుండెను. ప్రక్కనున్న కొల్లిడము పాయ లోతు పడి నీటినంతయు లాగికొనుచుండెను. పంట భూములు ఎండిపోవు స్థితి యేర్పడెను. కాటను అచ్చట కరికాల చోళుని పేర ప్రసిద్ధమైన కల్లణై యను ప్రాచీనమైన ఆనకట్టను పరీక్షించెను. రాతి పునాది దొరకని యిసుక నేలపై కట్టిన కట్టడము శతాబ్దముల తరబడి వరదలకు తట్టుకొని ఎట్లు నిలిచినది? ఇసుకలో పెద్ద రాళ్లను దింపుచు, అవి క్రుంగి క్రుంగి స్థిరపడిన పిదప వానిపై కట్టుటయే ఆ రహస్యమని ఆయన గ్రహించెను. ఈ విద్యను భారతీయుల యొద్దనే నేర్చితినని ఆయన తరువాతి కాలమున దాపరికము లేకుండ అంగీకరించెను. ఆ ధైర్యముతో 1836 ప్రాంతమున కొల్లిడముపై ఎగువ దిగువల రెండు ఆనకట్టలు కట్టించెను. తంజావూరు పంటలు నిలిచెను. మనము పుస్తకమును చదివినట్లు ఆయన పాత కట్టడమును చదివెను.

పిమ్మట అనారోగ్యముచే సెలవుపై ఆస్ట్రేలియా ప్రాంతమునకు పోయి, టాస్మేనియా ద్వీపమున 1841లో వివాహము చేసికొనెను. తిరిగి వచ్చిన పిదప విశాఖపట్టణమున సముద్రపు కోత నాపు పనిలో నుండగా గోదావరి మండలము ఆయన కంట బడెను.

ఆనాటి గోదావరి సీమను నేటి కోనసీమ పచ్చదనముతో పోల్చి చూడరాదు. నందన కరవు గుంటూరు మండలమును శ్మశానము గావించినది. అయిదు లక్షల జనములో లక్షన్నర నుండి రెండు లక్షల వరకు మడిసిరని అంచనా. గోదావరి మండలమునకును ఆ దెబ్బ తగిలినది. 1839 నవంబరులో కోరంగి తుపాను ఓడలను, ఊళ్లను ముంచినది. అంతకు ముందే కంపెనీ వారు బట్టల కొనుగోలు మానుకొనుటచే నేతగాండ్రకు పని పోయినది. చేతిలో రూకలు లేనివానికి అంగడిలో ధాన్యమున్నను లేనట్లే గదా. రాజమండ్రి జిల్లా జనసంఖ్య 1821లో 7 లక్షల 38 వేలు. 1841 నాటికి 5 లక్షల 61 వేలు. ఇరువదియేండ్లలో ప్రతి నలుగురిలో ఇంచుమించు ఒకరు లెక్కలోనుండి తొలగిపోయిరి. కొందరు చచ్చిరి, కొందరు ఊరు విడిచిరి. గ్రామ లెక్కలు వ్రాయు వృత్తిలో నున్న నావంటివానికి ఇంతకంటె భయంకరమైన పద్దు వేరొకటి కనబడదు.

విచిత్రమేమనగా, ఈ మరణములన్నియు మన దేశపు మహానదులలో ఒకటైన గోదావరి ఒడ్డుననే సంభవించెను. వానకాలమున నది కట్టలు తెంచుకొని పారును. ఆ నీరు పొలముల కెక్కవలెనన్నచో వరద ఒక మట్టమునకు లేవవలెను. వరద తక్కువైన యేడు కాలువ నోళ్లు నదికంటె ఎత్తున నుండిపోవును. ఎక్కువైన యేడు పైరు మునుగును. ఏ యేడాదికా యేడు రైతు జూదమాడవలసినదే. జిల్లా పతనమునకు కారణములు విచారించుటకై నియమితుడైన హెన్రీ మాంట్‌గోమరీ యను అధికారియు, నదీజలమును వినియోగించుటయే తరణోపాయమని తెలిపెను.

కాటను ఆ మండలమంతయు తిరిగి, ఏ పొలము ఏ మట్టమున నున్నదో కొలిపించెను. ఆయన కోరినంత మంది సహాయకులు దొరకలేదు. పని నేర్పి వాడుకొనవలసిన కుర్రవాండ్రతోనే సర్వే సాగించెను. రాజమండ్రికి దిగువన ధవళేశ్వరమునొద్ద నది లంకలచే నాలుగు పాయలై వెడల్పుగా పారుచున్నది. అచ్చట నీటిని పండ్రెండడుగులు పైకెత్తినచో తూర్పు, మధ్య, పడమటి డెల్టాలు మూటికిని కాలువల ద్వారా నీరు దానంతటదే పారునని ఆయన నిర్ణయించి, 1844-45లో ప్రభుత్వమునకు నివేదికలు పంపెను.

ఇచ్చటనే ఆయన ప్రతిభ విశేషముగ ప్రకాశించినది. కంపెనీ వారు వర్తకులు. వారికి జాలి కథలు చెప్పిన ప్రయోజనము లేదు. కావున కాటను వారి భాషలోనే, అనగా జమాఖర్చుల భాషలోనే మాటాడెను. ఆనకట్టకు ఇంత వ్యయమగునని వ్రాసి ఊరకుండలేదు. ఆనకట్ట లేకుండుటచే ఏటేట ఎంత శిస్తు మునుగుచున్నదో, ఎన్ని పంటలు పోవుచున్నవో, కరవు నాడు ఎంత మాఫీ చేయవలసి వచ్చుచున్నదో ఆ ప్రక్కనే వ్రాసెను. ఖర్చు పద్దును మాత్రమే చూచి భయపడు అధికారులకు, చేయని పనికిని ఖర్చు కలదని చూపెను. సాధారణముగ సర్కారు లెక్కలలో కట్టిన కట్టకు పద్దు కలదు. కట్టని కట్టకు పద్దు లేదు. కరవులో పోయిన ప్రాణములు ఎవరి ఖాతాలోను చేరవు. ఆ లోపమును సరిదిద్దుటయే కాటను జీవిత కార్యమని చెప్పదగును.

1846 చివర లండనులోని డైరెక్టర్లు అనుమతి నొసగిరి. అయిదు లక్షల రూపాయలకు లోబడిన తొలి అంచనాతో 1847లో పని ప్రారంభమయ్యెను. ధవళేశ్వరపు కొండనుండి రాయి కొట్టి, ఇనుప పట్టాలపై బండ్లు నడిపి నది యొడ్డునకు తెచ్చిరి. ఎగువ అడవులనుండి టేకు కలపను నీటిపై తేల్చి తెచ్చిరి. వరద తగ్గిన నెలలలోనే పని సాగవలెను. మరల వరద వచ్చులోపల చేసినదంతయు స్థిరపడవలెను. ఇసుకలో బావుల వంటి వలయములు దింపి, వానిపై గోడలు లేపి, నడుమ రాళ్లు నింపి, దిగువ ప్రక్క వరద కోతకు తట్టుకొనునట్లు రాళ్లతో విశాలమైన వాలు పరచిరి. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములలో రమారమి 12,000 అడుగుల రాతికట్టడము అయిదేండ్లలో పూర్తియయ్యెను. నడుమ 1848లో ఎండదెబ్బచే కాటను ఆరోగ్యము చెడి, సెలవుపై పోవలసి వచ్చినప్పుడు కెప్టెన్ ఓర్ పనిని సాగించెను. 1850లో ఆయన తిరిగి వచ్చి, 1852లో పని ముగించెను. ఖర్చు అంచనాను మించెనని, దుబారా చేయుచున్నాడని పైవారు ఆయనను పలుమార్లు నిలదీసిరి. ఆయన చలింపలేదు.

ఈ సందర్భమున వీణెం వీరన్నను స్మరింపకుండుట కృతఘ్నత. సబ్ ఓవర్సీయరుగా నుండి కూలి జనమును సమకూర్చి, వారిచే ఓర్పుతో పని చేయించిన తెలుగువాడీయన. వీరన్న సాయమును కాటను స్వయముగా ప్రశంసించెను. ప్రభుత్వము రాయ బహద్దూరు బిరుదమిచ్చెను. పేరు దస్త్రములకెక్కని రాళ్లు కొట్టువారు, మట్టి మోయు స్త్రీలు వేలకొలది కలరు. ఆనకట్టలో వారి పాలు దొర పాలుకంటె తక్కువ కాదు. అట్లే నేటి కోనసీమ జిల్లాలోని గన్నవరమునొద్ద వైనతేయ పాయను దాటించి నగరము లంకకు నీరు గొనిపోవు 49 కమానుల జలవాహికను హేగ్ అను యువ ఇంజనీరు ఒక్క వేసవి అదనులో కట్టి చూపెను. నది మీదుగా నది పారుచున్నదని జనులు వింతగా చూచిరి.

ఫలితము ఎట్లుండెను? కాలువలు నీటితోడనే గాక పడవలతోడను నిండెను. లాకుల మీదుగా ధాన్యపు పడవలు కాకినాడ రేవునకు సాగెను. జనసంఖ్య 1891 నాటికి ఇరువది లక్షలు దాటెను. జిల్లా సరిహద్దులు నడుమ మారినందున రెండు లెక్కలను నేరుగా పోల్చరాదు గాని, తరుగుచున్న సీమ పెరుగుచున్న సీమగా మారిన సంగతి నిర్వివాదము. 1855 నాటికి కెప్టెన్ ఓర్ ఆధ్వర్యమున బెజవాడ కృష్ణానదిపైనను ఆనకట్ట వెలసెను. కోనసీమ పురోహితులు గోదావరీ స్నాన సంకల్పమున కాటను నామమును స్మరించు ఆచార మొకటి యేర్పడెను. అన్యమతస్థుడైన విదేశీయునికి ఇట్టి గౌరవము మన దేశమున అరుదు.

ఐనను ఆయన తలపెట్టినవన్నియు ఫలింపలేదు. గోదావరిని ఎగువకు నౌకామార్గముగా తీర్చుటకై నేటి తెలంగాణములోని దుమ్ముగూడెమువద్ద ఆనకట్ట కట్టిరి గాని, ఆ పథకము 1871లో విడువబడెను. ఆయన ప్రోత్సాహముతో ఒక కంపెనీ తవ్వించిన కర్నూలు–కడప కాలువయు ఆదాయ దృష్ట్యా విఫలమై 1882లో ప్రభుత్వాధీన మయ్యెను. నల్లరేగడిలో జొన్న పండించుకొను రైతు, మంచి యేట నీటికి పన్ను కట్టి మాగాణి చేయుటకు ఇష్టపడలేదు. డెల్టా నేలకు సరిపోయిన లెక్క రాయలసీమ నేలకు సరిపోలేదు. 1860లో ఆయన సూచించిన తుంగభద్రా జలాశయము మాత్రము తొంబదియేండ్లకు పైగా గడచిన పిదప, మద్రాసు, హైదరాబాదు రాష్ట్రముల సమష్టి కృషిచే 1953లో నీటినిచ్చెను.

కాటను 1860లో ఉద్యోగము విరమించి స్వదేశమునకు పోయెను; 1861లో ఆయనకు సర్ బిరుదము లభించెను. సుఖముగ కాలము గడుపవలసిన ఆ వయస్సులో ఆయన మరియొక పోరాటమునకు దిగెను. ప్రభుత్వము కోట్లు వెచ్చించి రైలు మార్గములు వేయుచుండెను. కాలువలకు చిల్లర విదిలించుచుండెను. రైలు ధాన్యమును ఒక చోటి నుండి వేరొక చోటికి మోయగలదు గాని పండించలేదని ఆయన వాదించెను. 1866లో ఒరిస్సా కరవున రమారమి పది లక్షల మంది మడిసిరి. తరువాత 1876లో ధాత కరవు వచ్చెను. మద్రాసు, మైసూరు, బొంబాయి, నిజాము రాజ్యములు తల్లడిల్లెను. బ్రిటిషు పాలిత ప్రాంతములలోనే అర కోటికి పైగా జనులు నశించిరని అంచనా. రైలు మార్గమున్న ఊళ్లలోను ధాన్యపు ధర కూలివానికి అందక ఆకలి చావులు జరిగెను. ఆ సమయమున గోదావరి, కృష్ణా డెల్టాలు తాము తిని, కరవు సీమలకు ధాన్యము పంపెను. నలువదియేండ్లకు పూర్వము జనము నశించిన నేలయే ఇతరులకు అన్నము పెట్టెను. కాటను వాదమునకు ఇంతకు మించిన సాక్ష్యమేల?

సాక్ష్యమున్నను తీర్పు ఆయనకు అనుకూలముగ రాలేదు. 1878లో పార్లమెంటు నియమించిన సంఘము ఎదుట డెబ్బదియైదేండ్ల వృద్ధుడు నిలిచి ప్రశ్నలకు ఉత్తరములు చెప్పెను. నదులను కాలువలతో కలుపవలెనన్న ఆయన ఊహలను పలువురు అతిశయములని త్రోసివేసిరి. కొన్ని ఊహలు నిజముగనే హద్దు మీరినవి. నేలయొక్క ఎత్తుపల్లములు ఆయన ఉత్సాహమునకు లోబడవు. కాని కరవు దైవికమని చేతులు ముడుచుకొని కూర్చుండువారి నడుమ, కరవు పాలకుల బాధ్యతయని నిర్భయముగ పలికిన కంఠములలో ఆయనది ముఖ్యమైనది.

ముదిమిలో ఆయన డార్కింగు అను ఊరిలో నివసించుచు, పెరటి నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించి, కొలది నేలలో అధిక ఫలము తీయు ప్రయోగములు చేసెను. నీటి లెక్క ముగించినవాడు మట్టి లెక్క మొదలిడెను. 1899 జూలైలో తొంబదియారవ యేట కన్నుమూసెను. ఆ యేడే వానలు తప్పి పడమటి సీమలును, మన నిజాము రాజ్యమును మరియొక ఘోరమైన కరవు పాలయ్యెను. ఆయన ఎత్తి చూపిన బాకీ అప్పటికిని తీరలేదన్నమాట. మరుసటి యేట ఆయన కుమార్తె తండ్రి జీవిత చరిత్రమును ప్రకటించెను. ఆయన కట్టిన ఆనకట్ట శతాబ్దమునకు పైగా సేవ చేసి శిథిలము కాగా, 1982 నాటికి ఆయన పేరనే నూతన బ్యారేజీ పూర్తియయ్యెను. నేడు దాని క్రింద రమారమి పది లక్షల యెకరములు సాగగుచున్నవి.

గుణములు చెప్పినవాడు కొరతలను దాచరాదు. కంపెనీ వారు ఆనకట్ట కట్టించినది కరుణచే కాదు, శిస్తు పెరుగునను ఆశచే. అది పెరిగెను కూడ. ఆనకట్ట నీటిని మళ్లించునే గాని దాచదు. పల్లపు నేలకు పారించునే గాని మెట్టకు ఎక్కింపదు. కావున డెల్టా రైతు కరవు మరచినను, మెట్ట రైతు మరువలేదు. నీరున్నంత మాత్రమున రైతు నిలుచుననియు చెప్పలేము. 2011లో కోనసీమ రైతులే గిట్టుబాటు ధర లేదని, మురుగు కాలువలు పూడి పొలము మునుగుచున్నదని, లక్షకు పైగా ఎకరములలో పంట విరామము ప్రకటించిరి. కాటను నీరు కాలువలో పారుచుండగనే పొలము బీడు పడినది. నందన కరవు నాడు నేతగానికి రూక లేక ఆకలి గలిగినట్లే, నేడు రైతుకు ధర లేక బీడు గలిగినది. నీరు, ధర, మురుగు పారుదల, కూలివాని చేతి రూక, ఇవి నాలుగును కలసిననే అన్నమునకు భద్రత.

మెట్ట గ్రామస్థులమగు మనకు గోదావరి ఆనకట్ట లేదు. మనకున్నవి చెరువులు. రామప్ప, పాకాల, లక్నవరము చెరువులు కట్టిన కాకతీయులు కాటనుకు ఆరు వందల యేండ్లు ముందువారు. కరికాలుని కట్టడము ఎదుట శిష్యుడై నిలిచిన ఆ దొర, మన చెరువు గట్టు ఎదుటను అట్లే నిలిచియుండెడివాడు. మనము మాత్రము గట్టు తెగినప్పుడే తలచుకొందుము. పూడిక తీయుటకు ఎంత ఖర్చని అడుగుదుము. తీయకుండుటచే ఏటేట ఎంత నీరు పోవుచున్నదో, ఎన్ని బోరుబావులు ఎండుచున్నవో, ఎందరు బిడ్డలు వలస పోవుచున్నారో అడుగము. కాటను నేర్పిన లెక్క ఆ రెండవ ప్రశ్నయే. పంచాయతీ సమావేశమున మన చెరువు ప్రస్తావన వచ్చినప్పుడెల్ల ఖర్చు పద్దు ప్రక్కన ఈ పద్దును కూడ వ్రాయించుట సభ్యులందరి కర్తవ్యము. ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము చదువరులను పెంచినది. ఆ చదువు చెరువు గట్టు వరకు నడచినచో ఈ రజతోత్సవము సార్థకమగును.